అద్దం లేని హాలు

మిర్యాలగూడలో విజయ డాన్సు నేర్పే హాలు ఒక ఎరువుల దుకాణం పైన ఉంది. కింద యూరియా సంచులు, పైన రేకుల కప్పు. వాన గట్టిగా పడితే పాట వినిపించదు. ఎండాకాలం పిల్లలు గచ్చు మీద నీళ్లు చల్లుకొని ఆడతారు.

హాలులో అద్దం లేదు. హైదరాబాదులో డాన్సు నేర్పే చోట్ల గోడ పొడవునా అద్దం ఉంటుందని ఆమెకు తెలుసు. ఈ గోడలు పాతవి, మేకు నిలవదు. అందుకని ఆమే అద్దమైంది. పిల్లలకు ఎదురుగా నిలబడుతుంది. వాళ్లు కుడి చేయి ఎత్తాలంటే తాను ఎడమ చేయి ఎత్తుతుంది. వాళ్లు ఎడమకు తిరగాలంటే తాను కుడికి తిరుగుతుంది. పిల్లలు ఆలోచించరు. ఎదుటి మనిషి ఎటు కదిలితే అటే కదులుతారు. నోటితో కుడి అంటూ ఒంటితో ఎడమ చేయడం మొదట్లో కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అది అలవాటన్న సంగతి కూడా మరిచిపోయింది.

ఆమె పుట్టింది వేములపల్లిలో. తండ్రి వీరయ్య వరి పండించేవాడు. ఇంట్లో ఎవరికీ డాన్సు తెలియదు. పక్కింటి టీవీ ముందు నిలబడి నేర్చుకుంది. బడిలో ఆగస్టు పదిహేనుకు ఆడింది, కాలేజీలో ఆడింది, పెళ్లయ్యాక మానేస్తుందనుకున్నారు. భర్త శ్రీను రైస్ మిల్లు లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు కాకినాడ రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఒక్కదానివి ఉండి ఏం చేస్తవ్, నేర్పుకో, అన్నాడు. ఆమె నేర్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఊళ్లో స్కూళ్ల వార్షికోత్సవాలన్నీ ఆమెవే. పెళ్లిళ్లలో పెళ్లికూతురి స్నేహితురాళ్ల ఆటలూ ఆమెవే. పిల్లల తల్లులు ఆమెను మేడం అంటారు.

అక్కా అని పిలిచేది కావ్య ఒక్కతే.

కావ్యది సూర్యాపేట పక్కన, చివ్వెంల దగ్గర ఒక లంబాడీ తండా. ఇంటర్ చదవడానికి మిర్యాలగూడ హాస్టల్‌కు వచ్చింది. మొదటి రోజు హాలు మెట్ల మీద చెప్పులు విడిచి, లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడి చూసింది. తండాలో తీజ్ పండుగకు ఆడపిల్లలు గుండ్రంగా తిరిగి ఆడతారు. కావ్యకు వచ్చిన ఆట అదే. గుండ్రంగా తిరిగే ఆటలో ముందు, వెనక అన్నవి ఉండవు. ఆ పిల్లను వరసలో నిలబెట్టడానికి విజయకు చాలాకాలం పట్టింది. నిలబెట్టాక మాత్రం వేరే ఎవరి వైపూ చూడబుద్ధి కాలేదు. ఎదురుగా నిలబడి తాను ఎడమ చేయి ఎత్తితే, అటువైపు కావ్య కుడి చేయి అదే ఎత్తున, అదే వంపుతో లేచేది. తన చేయి ఎంత బాగుంటుందో విజయ చూసుకున్నది అక్కడే.

సినిమా వాళ్లు సూర్యాపేటకు వచ్చారని ప్రేమ్‌కుమార్ అనే అతను ఫోన్ చేసి చెప్పాడు. అతను డాన్సు మాస్టరు దగ్గర అసిస్టెంటు. సినిమాలో ఐదుగురు పడుచువాళ్లు విదేశానికి విహారయాత్ర పోతారు. దారి పొడవునా పాటలు. వాళ్లతోపాటు తిరిగే గుంపు ఒకటి కావాలి, కొత్త ముఖాలు కావాలి. విజయ తన దగ్గరి పెద్దపిల్లలను కొందరిని వెంటబెట్టుకొని విజయవాడ రోడ్డు మీది ఫంక్షన్ హాలుకు వెళ్లింది.

ప్రేమ్‌కుమార్ ఆమెనే ముందు చూశాడు.

"మేడం, మీరు కూడా నిలబడండి. టూరు నడిపే అక్క పాత్ర ఒకటుంది. డాన్సు రావాలి, వీళ్లకంటే కొంచెం పెద్దగా కనిపించాలి. మీ ముఖం కెమెరాకు బాగుంటుంది."

ఆమె కొంగు నడుముకు చుట్టుకొని నిలబడింది. పక్కన కావ్య. ప్రేమ్‌కుమార్ వాళ్లకు వీపు పెట్టి ముందు నిలబడ్డాడు. వెనక నిలబడి చూస్తూ చేయాలి. అతని కుడి చేయి లేచింది. అందరి కుడి చేతులూ లేచాయి. విజయ ఎడమ చేయి లేచి కావ్య మోచేతికి తగిలింది.

"మేడం, కుడి."

"తెల్సు సార్."

మళ్లీ అదే అయింది. ఆ తర్వాతా అదే. బుర్రకు తెలుసు. చేతికి తెలియదు. ప్రేమ్‌కుమార్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు.

"పిల్లలకు చెప్పీ చెప్పీ మీకు అలా అయిపోయింది మేడం. షూటింగులో కష్టం."

టూరు నడిపే అక్క పాత్రకు హైదరాబాదు నుంచి ఎవరినో పెట్టుకున్నారు. ఆ ఎవరో మీద విజయకు ఏమీ లేదు. ఆమె పేరు కూడా అడగలేదు. గుంపులోకి కావ్యను తీసుకున్నారు. కావ్య కుడి చేయి తన ఎడమ చేతిని చూసి తయారైన చేయి. నేర్పినందువల్ల నేర్పిన మనిషి ఇంట్లో ఉన్నది, నేర్చుకున్న పిల్ల విమానం ఎక్కింది. విజయ ఈ లెక్కను ఎన్నోసార్లు తిరగేసి చూసుకుంది. ఎటునుంచి చూసినా అదే.

"జార్జియా అంట," అంది శ్రీనుతో.

"అమెరికల ఉంటది గదా అది."

"కాదు. వేరే దేశమంట. మంచు పడతదంట."

"నేను కాకినాడ దాంక పోయిన. సముద్రం సూసిన. నాకదే ఫారిన్," అని శ్రీను బనియన్ తొడుక్కున్నాడు. ఆమె నవ్వలేదు.

కావ్య ఫోటోలు పంపింది. విజయ వాటిని చూసి ఏమీ రాయలేదు. శ్రీను ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం వాట్సాప్‌లో కావ్య పెట్టే స్టేటస్‌లు ఒక్కటి కూడా వదల్లేదు. తాను చూసినట్టు కావ్యకు తెలియకూడదు. అందుకని శ్రీను స్నానానికి పోయినప్పుడు అతని ఫోనులో చూసేది. పసుపు కోటు తొడుక్కున్న కావ్య. రాళ్లు పరిచిన వీధిలో కావ్య. మంచు పిడికిట్లో పట్టుకొని, నోట్లో పెట్టుకోబోతూ కావ్య. విజయ ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసేది. మంచు మీద పడిన పాదముద్రలను చూసేది. కోటు కొనిచ్చారా, కిరాయికి తెచ్చారా అని ఆలోచించేది. ఆ పిల్లకు చలి వేస్తే బాగుండునని ఒకరోజు అనుకుంది. ఎక్కువ కాదు, కొంచెం.

సినిమా విడుదలైన వారం సూర్యాపేటలో ఫ్లెక్సీ కట్టారు. తండా ముద్దుబిడ్డకు అభినందనలు. కావ్య ఒక్కతీ పెద్దగా, చుట్టూ నాయకుల ముఖాలు చిన్నగా. విజయ ఒక పెళ్లివారి పని మీద ఆ రోడ్డున పోతూ ఆటోలోంచి చూసింది. తల తిప్పుకుంది. ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. మళ్లీ చూసింది.

మిర్యాలగూడలో సినిమాకు పోతే పిల్లల తల్లులు కనిపిస్తారు. సినిమాను కాక తన ముఖాన్ని చూస్తారు. కోదాడలో చీరల దుకాణానికి పోవాలని శ్రీనుకు చెప్పింది. హుజూర్‌నగర్ మీదుగా బండి మీద పోయారు. చీరల దుకాణానికి పోలేదు. శ్రీను ఏమీ అడగకుండా టికెట్లు తెచ్చాడు.

ఆ సినిమాలో ఎవరికీ పెద్ద కష్టం రాదు. ఐదుగురు బయలుదేరుతారు. ఒకడి సూట్‌కేసు పోతుంది, పాట. రైలు తప్పిపోతుంది, పాట. ఒక అమ్మాయి భాష రాక ఉప్పుకు బదులు సబ్బు కొంటుంది, అందరూ నవ్వుతారు, పాట. కొండ మీద చర్చి ముందు పెద్ద పాటలో గుంపు అంతా వరసలుగా వచ్చింది. రెండో వరసలో, ఎడమ చివరకు కొంచెం ఇవతల, పసుపు కోటు.

విజయ కొంగు కింద ఆమె వేళ్లు కదిలాయి. తెర మీద కావ్య కుడి చేయి ఎత్తితే ఇక్కడ ఎడమ చేతి మణికట్టు లేచింది. ఆమె దానిని తొడ కింద పెట్టుకొని కూర్చుంది.

పక్క సీటులో ఒక నడివయసు ఆవిడ ఇటు వంగింది.

"ఆ పసుపు కోటు అమ్మాయిది మన సూర్యాపేటేనంటండి. మీకేమన్నా తెలుసా?"

"తెల్వదు."

"ఎంత బాగా చేస్తందో కదండీ."

"రెండో వరుసల ఉన్నది గదా," అంది విజయ.

శ్రీను ఆమె వైపు చూశాడు. తర్వాత సమోసా తిన్నాడు. తిరుగు ప్రయాణంలో, హుజూర్‌నగర్ దాటాక, గాలిలో గట్టిగా అన్నాడు.

"మంచిగనే ఉన్నది సినిమా. ఎవ్వలు సావలేదు."

ఆ తర్వాత పిల్లలందరికీ ఆ పాటే కావాలి. ఎండలో పసుపు కోట్లు తొడుక్కొని హాలుకు వచ్చారు. స్కూలువాళ్లు అదే అడిగారు, తల్లులూ అదే అడిగారు. విజయ ఫోనులో పాట పెట్టుకొని కావ్య వేసిన అడుగులు నేర్చుకుంది. తన దగ్గర నేర్చుకున్న పిల్ల వేసిన అడుగులు ఆమె పిల్లలకు నేర్పింది. ఒక చిన్నది చేతులు నడుము మీద పెట్టుకొని నిలబడింది.

"కావ్య అక్క గిట్ల చెయ్యలేదు మేడం."

"ఎట్ల చేసింది?"

చిన్నది చేసి చూపించింది. చిన్నదే సరిగ్గా చేసింది. ఆరోజు విజయ క్లాసు తొందరగా వదిలేసింది.

కావ్య ఒక ఆదివారం తండా నుంచి వచ్చింది. విదేశీ చాక్లెట్ల పెట్టె తెచ్చింది. శ్రీను ఇంట్లోనే ఉన్నాడు. వచ్చీ రావడంతోనే అతని మీద పడింది.

"ఏంది బావా, నా స్టేటస్ అందరికన్న ముందుగాల నువ్వే సూస్తవు. అక్కకు చెప్పమంటవా?"

"నేనా?" అన్నాడు శ్రీను. "నాకు స్టేటస్ అంటె ఏందో తెల్వదు."

"గట్లనే అంటరు."

శ్రీను విజయ వైపు చూశాడు. విజయ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. అతను చాక్లెట్ కాగితం విప్పుతూ, "సూస్తె సూసిన తియ్యి. మా మరదలు మంచుల ఉన్నదని సూసిన," అన్నాడు. పొయ్యి ముందు నిలబడి ఆమె ఆ మాట విన్నది.

కావ్య వచ్చిన పని వేరే. ప్రేమ్‌కుమార్ మళ్లీ పిలిచాడు. ఇంకో సినిమా, ఇంకో దేశం. ఈసారి గుంపుకు ముందు నిలబెడతానన్నాడు. దానికి రేపు హైదరాబాదులో ఒకసారి చేసి చూపించాలి. అడుగుల వీడియో పంపాడు.

"వీడియో సూసి నేర్సుకుంటె నాకు అంత ఉల్టా అయితది అక్కా. షూటింగుల మొదటి రోజు గిట్లనే అయితె తిట్టిండ్రు. నువ్వు ఎదురుంగ నిలబడి చెప్తెనే నా ఒంటికి ఎక్కుతది. ఇయ్యాల ఒక్కరోజు చెప్పవా."

"ఫోను ఇయ్యి. ముందుగాల నేను సూస్త," అంది విజయ.

హాలులో ఒక్కతే ఫోను కిటికీలో పెట్టుకొని చూసింది. వీడియోలో ఒక అమ్మాయి ఇటు తిరిగి ఆడుతున్నది. ఆ అమ్మాయి కుడి చేయి ఎత్తితే విజయ ఎడమ చేయి దానంతట అదే లేచింది. ఎప్పటిలాగే. ఇది ఇలాగే కావ్యకు చూపిస్తే కావ్య కుడి చేయి ఎత్తుతుంది. సరిపోతుంది. ఇన్నేళ్లూ సరిపోయింది అలాగే.

ఆమె పాట ఆపింది. కాసేపు కిటికీలోంచి రోడ్డు చూసింది. తర్వాత ఎడమ చేతిని కొంగులో చుట్టి నడుముకు దోపుకుంది. పాట పెట్టింది. ఇప్పుడు లేవడానికి కుడి చేయి ఒక్కటే ఉంది. అది తడబడుతూ లేచింది. కాలు కూడా మార్చుకుంది. మళ్లీ చేసింది. చెమట పట్టింది. కొంతసేపటికి కొంగు విప్పేసింది. ఎడమ చేయి ఊరుకుంది. కుడి చేయి లేచింది. వీడియోలో ఆ అమ్మాయి ఏ వైపు చేస్తే ఆమె ఆ వైపే, తన ఒంటితో, సరిగ్గా చేసింది. ఫంక్షన్ హాలులో రానిది ఇక్కడ వచ్చింది.

కింద షాపు దగ్గర ఉన్న కావ్యను పైకి పిలిచింది.

"నన్ను సూసుకుంట చెయ్యి. కుడి ఎడమ అని నోటితోని చెప్పను. పాట తొందర తొందరగ ఉన్నది."

కావ్య ఎదురుగా నిలబడింది. విజయ కుడి చేయి ఎత్తింది. కావ్య ఎడమ చేయి ఎత్తింది. అనుమానపడలేదు. వీడియోలో కంటికి కనిపించినదీ, అక్కలో కనిపించినదీ ఒకేలా ఉంటే అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది. సాయంత్రానికి ఆ పిల్లకు మొత్తం వచ్చేసింది. ప్రతి అడుగూ బాగున్నది. ప్రతి అడుగూ తిరగబడి ఉన్నది. వరసలో అందరూ ఒకవైపు పోతే ఆమె ఒక్కతే ఇంకోవైపు పోతుంది.

"మస్తుగ వచ్చింది గదా అక్కా," అని చెమట తుడుచుకొని, విజయ కాళ్లకు దండం పెట్టి, ఆఖరి బస్సు పోకముందే సూర్యాపేటకు బయలుదేరింది.

అన్నం తింటూ శ్రీను అన్నాడు.

"రోడ్డు మీదికెల్లి కిటికీల సూసిన ఇయ్యాల. ఎరువుల షాపాయన గూడ సూసిండు. ఆ పిల్ల మంచిగనే ఆడుతది గని, నువ్వు ఆడినంత లేదు. మన పెండ్లైన కొత్తల ఆడినవ్ సూడు, మల్ల గట్లనే ఆడినవ్. ఏమైంది నీకు ఇయ్యాల?"

విజయ కంచంలో నీళ్లు పోసి లేచింది.

తెల్లవారి మొదటి బస్సుకు ఆమె సూర్యాపేట బయలుదేరింది. తప్పు దిద్దుదామని బయలుదేరిందని చెప్పడం కష్టం. దారిలో ఏ ఊళ్లోనైనా దిగి వెనక్కి పోవచ్చని అనుకుంటూనే ఉంది. కావ్య బస్సు ఎక్కేసి ఉంటే మంచిదని కూడా అనుకుంది. కిటికీ పక్కన పొలాల్లో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. వాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. ఆమె అటు చూడలేదు.

కావ్య ఎక్కలేదు. హైదరాబాదు బస్సులు ఆగే చోట బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకొని నిలబడి ఉంది.

"అక్కా. నువ్వేంది గీడ?"

"నిన్న నీకు ఉల్టా చెప్పిన."

"ఏంది?"

"కుడి ఎడమ. మొత్తం. నువ్వు గట్లనే చేస్తె లైనంత ఒకదిక్కు పోతది, నువ్వొక్కదానివి ఒకదిక్కు పోతవ్."

కావ్య నవ్వింది. "నాకు అయితె పాయె గని, నీకు గూడ అయిందా? మర్చిపోయి చెప్పినవా?"

అవును అంటే సరిపోయేది.

"మర్చిపోలె. కావాల్నని చెప్పిన."

బస్సు ఒకటి వచ్చింది. కండక్టరు హైదరాబాద్ హైదరాబాద్ అని అరిచాడు. కావ్య కదల్లేదు. బస్సు పోయింది.

"ఎందుకు?"

"నువ్వు పోతున్నవ్. నేను పోతలేను."

"గంతేనా?"

"గంతే."

"నీ పాత్ర నేను గుంజుకున్ననా?"

"లేదు."

"నిన్ను తీసుకోవద్దని ఎవ్వలికన్న చెప్పిన్నా?"

"లేదు."

"మరి?"

"ఏం లేదు గదా. నువ్వు ఏమన్న చేసుంటె కోపం చేసుకుందును. ఏం చెయ్యకపోతివి. గందుకే గిట్ల మండుతది."

కావ్య బ్యాగు మీద కూర్చుంది. ముఖం దించుకొని చెప్పు పట్టీ సరిచేసుకుంది. చాలాసేపు సరిచేసుకుంది. లేచి విజయకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు మరి. సక్కగ."

"గీడనా?"

"ఇంకేడ. మా ఇంటికి పోయి చాయ్ తాగి చెప్తవా?"

బస్టాండులో, తోపుడు బండ్ల పక్కన, విజయ ఎడమ చేయి ఎత్తింది. కావ్య కూడా ఎడమ చేయే ఎత్తింది. నిన్న నేర్చినది అడ్డం వచ్చింది. మళ్లీ చేశారు. మళ్లీ అదే. మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపి చూసింది.

"దిగుతలేదు," అంది కావ్య. "ఎంత మంచిగ ఎక్కిచ్చినవ్ అక్కా నువ్వు."

విజయ కావ్య బ్యాగు అందుకుంది. తర్వాత వచ్చిన బస్సుకు కావ్యతోపాటు తానూ ఎక్కింది.

బస్సులో సీట్లన్నీ ముందుకే ఉంటాయి. ఎదురుగా నిలబడి చెప్పడానికి చోటు లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చేతులు ఒడిలో పెట్టుకొని, మోచేతుల దాకా మాత్రమే కదిలిస్తూ మొదలుపెట్టారు. విజయ కుడి అంటే ఇప్పుడు కుడి చేయే ఎత్తాలి. ఎత్తింది. కావ్య ఎడమ చేయి లేచి మధ్యలో తగిలింది. నకిరేకల్ దాకా తగులుతూనే ఉంది. కండక్టరు టికెట్ చింపుతూ ఆగాడు.

"ఏం ఆటమ్మా ఇది, నడిసే బస్సుల?"

"ఆట కాదన్నా, రోగం," అంది కావ్య. "ఈమె తెచ్చింది, నాకు అంటింది."

చౌటుప్పల్ దాటాక తగలడం తగ్గింది. కావ్య కళ్లు మూసుకొని చేసింది. రెండు కుడి చేతులు ఒకేసారి లేచి ఒకేసారి దిగాయి. విజయ తన చేతిని చూసుకుంది. కావ్య చేతిని చూసింది. ఏది ముందు లేస్తున్నదో తేడా కనిపించలేదు. అది ఆమెకు నచ్చలేదు, అయినా ఆపలేదు.

ఆ స్టూడియో ఒక సందులో, పెద్ద రేకు గేటు వెనక ఉంది. విజయను లోపలికి రానివ్వలేదు. ఆమె గేటు బయట కావ్య బ్యాగు పట్టుకొని నిలబడింది. లోపల పాట మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఎక్కడ చేయి లేవాలో ఆమెకు పాటలో తెలుసు. అక్కడికి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా లేవాలని కోరుకుంది. లేవకూడదని కూడా కోరుకుంది. రెండు కోరికలూ ఒకే బలంతో ఉన్నాయి. ఏది మొదటిదో ఆమె తేల్చుకోలేకపోయింది.

కావ్య బయటికి వచ్చేసరికి ఎండ గోడ ఎక్కింది.

"ఏమయింది?"

"రెండో వరుస."

"ముందు నిలబెడ్తమన్నరు గదా."

"మొదలు పెట్టంగనే ఎడమ చెయ్యి లేసింది. మార్సుకున్న. మిగిలిందంత సక్కగనే చేసిన. గని డాన్సు మాస్టరు సూసిండు. లీడు చేసేటోళ్లకు అది ఉండొద్దన్నడు."

విజయ ఒంట్లో ఏదో చల్లబడింది. ఎండలోంచి చెట్టు నీడకు వచ్చినట్టు. అది కొంచెంసేపే ఉన్నది. ఉన్నంతసేపూ హాయిగా ఉన్నది. దానిని తోసేయాలని ఆమెకు అనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కావ్య కిటికీ పక్కన కూర్చొని బయటికి చూసింది. విజయ మంచినీళ్ల సీసా ఇస్తే తీసుకుంది, తాగింది, తిరిగి ఇచ్చింది. నకిరేకల్ దగ్గర ఇటు తిరిగింది.

"సంబురమైందా?"

"అయింది."

"నిజం చెప్తున్నవా?"

"నిజమే. జరసేపు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు. మల్ల మంట మొదలైంది. రెండో వరుసల్నన్న పోతవ్ గదా నువ్వు."

కావ్య పెదవులు కదిలాయి. నవ్వు దాకా రాలేదు.

"ఈసారి పోలండ్ అంట."

"మంచుంటదా?"

"ఉంటదంట."

విజయ ముందు సీటు కమ్మీ పట్టుకుంది. పోలండ్ ఎక్కడుందో ఆమెకు తెలియదు. జార్జియా కంటే దూరమా అని అడగాలనుకుంది. అడగలేదు.

సూర్యాపేటలో ఇద్దరూ దిగారు. కావ్య చివ్వెంల ఆటో వైపు పోవాలి. విజయ మిర్యాలగూడ బస్సు కోసం నిలబడాలి. కావ్య బ్యాగు భుజానికి వేసుకొని రెండడుగులు వేసి ఆగింది.

"డాన్సు మాస్టరు అడిగిండు. నీకు ఇది ఎవ్వలు నేర్పిండ్రని."

"ఏం చెప్పినవ్?"

"నీ పేరే చెప్పిన."

"ముందుగాల అడిగిండా, తప్పు చేసినంక అడిగిండా?"

"తప్పు చేసినంక."

రద్దీలో ఎవరో వాళ్ల మధ్యనుంచి సంచీతో పోయారు. విజయ వాళ్లను పోనిచ్చింది.

"ఊరు గూడ చెప్పినవా?"

"చెప్పిన. మిర్యాలగూడ విజయ మేడం అని చెప్పిన. మంది ముందర్నే చెప్పిన."

అది కక్షతో చెప్పిందో, అడిగారు కాబట్టి చెప్పిందో కావ్య ముఖంలో కనిపించలేదు. ఆటోవాడు పిలిచాడు. కావ్య పోయి ఎక్కింది. ఎప్పుడూ అనే పోయొస్త అక్కా అన్న మాట అనలేదు. ఆటో రోడ్డెక్కి లారీల వెనక కనబడకుండా పోయింది.

మిర్యాలగూడ బస్సు ఇంకా రాలేదు. విజయ బల్ల మీద కూర్చోలేదు. మంది ముందర అంటే ఎంతమంది ఉండి ఉంటారని ఆలోచిస్తూ నిలబడింది.